రాత్రివేళ తోడు నిలిచిన యౌవనస్థుడు: సర్ జార్జి విలియమ్స్ జీవితము



గడచిన డిసెంబరు 31 రాత్రి మన బెంగళూరు సంఘములలో ఒకచోట జరిగిన చిన్న సంగతితో ఈ వ్యాసము మొదలుపెడుతున్నాను. పాత సంవత్సరపు ఆఖరి ఆరాధన, క్రొత్త సంవత్సరపు మొదటి ప్రార్థన ముగిసేసరికి రాత్రి పన్నెండున్నర దాటింది. కేకు పంచుకొని, శుభాకాంక్షలు చెప్పుకొని, బండ్లు ఉన్నవారము బండ్లెక్కి ఇళ్ళకు పోయాము. ఆరాధనకు వచ్చిన ఐదుగురు నర్సింగు విద్యార్థినులు మాత్రము గేటు దగ్గరే ఉండిపోయారు. ఆటోలు రాలేదు. వచ్చిన ఒకటి రెండు ఆటోలవాళ్ళు అడిగిన డబ్బు ఆ పిల్లల దగ్గర లేదు. రోడ్డు మీద చూస్తే త్రాగి కేకలు వేస్తూ పోయే గుంపులు. అప్పుడు మన సంఘపు పిల్లలు ముగ్గురు, ఇంజనీరింగు చదువుకునేవారు, ముందొకరు వెనుక ఇద్దరు నడుస్తూ ఆ అమ్మాయిలను మూడు కిలోమీటర్ల దూరములో ఉన్న హాస్టలు దాకా దిగబెట్టారు. వాచ్‌మన్ లేచి తలుపు తీసి, ఆ పిల్లలు లోపలికి వెళ్ళేదాకా నిలబడి, ఆ తరువాతనే తిరిగి వచ్చారు.

ఈ సంగతి నాకు వారము రోజుల తరువాత తెలిసింది. సంఘ పెద్దనైన నేను ఆ వేళకు నా మంచము మీద హాయిగా నిద్రపోతున్నాను. తెలిసిన తరువాత సిగ్గుపడ్డాను.

తరువాతి నెలలో ఆ కుర్రవాళ్ళే పెద్దల కమిటీకి ఒక విన్నపము పెట్టారు. శనివారము రాత్రులు, పండుగ రాత్రులు సంఘపు హాలు తెరిచి ఉంచాలట. దారిలో చిక్కుపడిన మన పిల్లలు ఫోను చేస్తే ఇద్దరిద్దరుగా వెళ్ళి ఇంటికి చేర్చుతారట. కమిటీలో చాలా మాటలు వచ్చాయి. రాత్రిపూట బయట తిరిగేవారిదే తప్పు కదా, సంఘము వారిని ఆదరిస్తే తిరుగుళ్ళను ప్రోత్సహించినట్లు కాదా అని కొందరు అడిగారు. ఏదైనా జరగరానిది జరిగితే ఎవరు జవాబుదారి అని మరికొందరు అడిగారు. నిజము చెప్పాలంటే మొదట నేను కూడా ఆ మాటే అన్నాను. అయితే ఇంటికి వచ్చిన తరువాత ఒక మహనీయుని జీవితము నా మనస్సులో మెదిలింది. ఆయన పేరు సర్ జార్జి విలియమ్స్. వై.ఎం.సి.ఎ. స్థాపకుడు. మన నృపతుంగ రోడ్డులో వై.ఎం.సి.ఎ. ముందు నుండి రోజూ ఎంతోమంది పోతూ ఉంటాము. అది ఎవరి కన్నీటి ప్రార్థనలో పుట్టిందో మనలో ఎందరికి తెలుసు?

జార్జి విలియమ్స్ 1821 అక్టోబరు 11న ఇంగ్లండు దేశములో సోమర్సెట్ జిల్లా డల్వర్టన్ ఊరి దగ్గర ఒక వ్యవసాయ కుటుంబములో పుట్టాడు. ఎనిమిదిమంది అన్నదమ్ములలో చివరివాడు. బడి చదువు పదమూడవ ఏటి ప్రాంతముననే ముగిసింది. తరువాత పొలము పనిలో పెట్టారు. ఒకనాడు గడ్డి బండి తోలుకొని వస్తూ దానిని గుంటలో బోల్తా కొట్టించాడట. వీడు సేద్యానికి పనికిరాడని ఇంట్లోవారు తీర్మానించి, బ్రిడ్జ్‌వాటర్ పట్టణములో ఒక బట్టల దుకాణములో పని నేర్చుకునేందుకు పంపించారు. మన పిల్లలు కొందరు పల్లె వదిలి బస్తీకి వచ్చిన వైనమూ ఇంతే కదా. బండి బోల్తా పడకపోతే వై.ఎం.సి.ఎ. లేదు. మనుష్యుడు నష్టమనుకున్నది దేవుడు ఎట్లా వాడుకుంటాడో చూడండి.

ఆ దుకాణములో పనిచేసే కుర్రవాళ్ళలో భక్తిగలవారు కొందరు ఉన్నారు. వారి నడత చూచి జార్జి తన నడతను గురించి ఆలోచించుకున్నాడు. 1837లో, పదహారేళ్ళ వయస్సులో, ఒక ఆదివారము సాయంత్రము చిన్న ప్రార్థన మందిరములో ప్రసంగము విని, తిరిగి వచ్చి దుకాణము వెనుక గదిలో మోకరించి తన్ను ప్రభువుకు అప్పగించుకున్నాడు. మద్యము ముట్టనని ప్రమాణము చేసుకున్నాడు. అతని మారుమనస్సు గొప్ప మహాసభలో కలిగినది కాదు. తోటి పనివాళ్ళ మధ్య, బట్టల మూటల మధ్య కలిగినది. అందుకే తరువాత జీవితమంతా ఆయన యౌవనస్థులను వెదకిన చోటు కూడా వాళ్ళు పనిచేసే చోటే, వాళ్ళు పండుకునే చోటే.

1841లో, ఇరవై ఏళ్ళ వయస్సులో, జార్జి లండను చేరాడు. సెయింట్ పాల్ దేవాలయము చుట్టూ ఉన్న వీధిలో హిచ్‌కాక్ అండ్ రోజర్స్ అనే పెద్ద బట్టల దుకాణములో కొలువు దొరికింది. అందులో సుమారు 140 మంది గుమాస్తాలు. అందరూ దుకాణము పైనున్న గదులలోనే కాపురము. ఇరుకు గదులు, ఒకే మంచము మీద ఒకరికి మించి పండుకోవడము, తెల్లవారినది మొదలు రాత్రి దాకా రోజుకు పన్నెండు, పద్నాలుగు గంటలు నిలబడి పని. వారానికి ఆరు రోజులు ఇదే. ఇప్పుడు మన పి.జి. హాస్టళ్ళలో ఒక గదిలో నలుగురు ఐదుగురు సర్దుకునే పిల్లలకు ఇది చెబితే నవ్వి, మా సంగతే చెబుతున్నారు అంకుల్ అంటారేమో.

అప్పటి లండను జనాభా సుమారు 20 లక్షలు. రైళ్ళు కొత్తగా వచ్చాయి. పల్లెల నుండి వేలకువేలు యౌవనస్థులు కొలువులకు వచ్చి పడుతున్నారు. వారికి తల్లిదండ్రులు దగ్గర లేరు, పరిచయమైన కాపరి లేడు, ఊరివారి కంటి భయము లేదు. రాత్రి దుకాణము మూశాక వారికి తెరిచి ఉండే తలుపులు సారాయి దుకాణాలవి, జూదపు గదులవి, వేశ్యా గృహాలవి. మంచి పుస్తకము చదువుకునేందుకు దీపమున్న గది ఒక్కటి లేదు. పట్నము ఎంత పెద్దదైనా, ఆ వేళలో ఒంటరి కుర్రవానిని పేరు పెట్టి పిలిచేవాడు లేడు. పెద్దలు మాత్రము ఆదివారము ప్రసంగములో ఈ కాలపు కుర్రకారు చెడిపోయిందని విసుక్కునేవారు.

జార్జి విసుక్కోలేదు. తన గదిలోనే ప్రార్థన మొదలుపెట్టాడు. మొదట ఇద్దరు, తరువాత నలుగురు, తరువాత గది పట్టనంత మంది. తమ దుకాణములో ప్రభువును ఎరుగని తోటివారిని పేరుపేరున జ్ఞాపకము చేసుకొని ప్రార్థించేవారు. ప్రార్థనతో ఆగక, ప్రార్థించిన ఆ మనిషి దగ్గరకు వెళ్ళి స్నేహము చేసేవారు.

ఈ సందర్భములో ఒక ముచ్చట ఆయన జీవిత చరిత్రలో చెప్పుకొంటారు. ఆ దుకాణములోనే ఒక యౌవనస్థుడు ఈ ప్రార్థనాపరులను గేలి చేయుటలో అందరికంటె ముందుండేవాడు. రాత్రులు సారాయి దుకాణములో పాటల కూటాలకు అతడే పెద్ద. అతనికి బుద్ధి చెప్పాలని కొందరనుకున్నారు. జార్జి మాత్రము అతనికి ఏమంటే ఇష్టమని విచారించాడు. ఆల్చిప్పల కూర అంటే ప్రాణమని తెలిసింది. లండనులో ఆ రోజులలో ఆల్చిప్పలు సామాన్యులు ఇష్టముగా తినే ఆహారము. వెంటనే మిత్రులందరు తలా కొంచెము వేసుకొని ఆల్చిప్పల విందు ఏర్పాటు చేసి అతనిని పిలిచారు. ఆ విందులో ప్రసంగము చేయలేదు, మందలించలేదు. నవ్వుతూ కలిసి భోజనము చేశారు. మర్యాదకు మర్యాదగా అతడు వారి కూటానికి వచ్చాడు, మరల వచ్చాడు, చివరకు వారిలో ఒకడైనాడు. పంక్తి భోజనము ఎంత పని చేస్తుందో మన తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు.

1844 మే నెల ఆఖరున ఒక ఆదివారము సాయంత్రము జార్జి తన మిత్రుడు ఎడ్వర్డ్ బోమాంట్‌తో కలిసి థేమ్స్ నది మీద బ్లాక్‌ఫ్రయర్స్ వంతెన దాటుతున్నాడు. నడుస్తూ నడుస్తూ, ప్రభువు కొరకు కొంత త్యాగము చేయుటకు సిద్ధమేనా అని మిత్రుని అడిగాడు. తమ దుకాణములో జరిగినది లండనులోని ప్రతి దుకాణములోను జరగాలన్నది తన మనస్సులోని భారమని చెప్పాడు. కొద్ది రోజులకే, 1844 జూన్ 6న, జార్జి పడక గదిలో పన్నెండుమంది యౌవనస్థులు కూడి యౌవన క్రైస్తవ సమాజమును స్థాపించారు. అదే వై.ఎం.సి.ఎ. అప్పటికి జార్జి వయస్సు 22 ఏళ్ళు. ఆ కూడికలో బిషప్పు లేడు, ధనవంతుడు లేడు. అందరూ జీతగాళ్ళే.

ఆ మొదటి సభ్యులు ఒకే సంఘానికి చెందినవారు కారు. ఇంగ్లండు సంఘమువారు, కాంగ్రిగేషనల్ వారు, మెథడిస్టులు, మన బాప్తిస్టులు కూడా అందులో ఉన్నారు. బాప్తిస్మమును గురించి వారి మధ్య భేదాలు లేకపోలేదు. అయితే రాత్రివేళ దారి తప్పిన తోటి కుర్రవాని దగ్గరకు వెళ్ళుటకు ఆ భేదములు అడ్డు రాకూడదని ఒప్పుకున్నారు. మన తెలుగు బాప్తిస్టుల చరిత్ర ఎరిగినవారికి ఒక సంగతి జ్ఞాపకము చేస్తాను. శామ్యూల్ డే దొర నెల్లూరు చేరినది 1840లో. అంటే మన తాతముత్తాతలకు సువార్త చేరుతున్న దినములలోనే లండనులో ఈ దీపము వెలిగింది.

ఆ సమాజము పని చేసిన విధానము గమనించదగినది. ముందుగా లడ్‌గేట్ హిల్ మీద ఒక కాఫీ హోటలులో వారానికి అరక్రౌను అద్దెకు ఒక గది తీసుకున్నారు. అరక్రౌను అంటే రెండున్నర షిల్లింగులు. గుమాస్తాల జీతాలలో నుండి పోగుచేసినదే. సారాయి దుకాణము కాక మరొక తలుపు రాత్రిపూట తెరిచి ఉండాలి, అక్కడ దీపము, వెచ్చదనము, పలకరించే మనిషి ఉండాలి అన్నది వారి మొదటి ఆలోచన. ఒక్కొక్క దుకాణములో ఇద్దరు ముగ్గురు బాధ్యత తీసుకొని, పల్లె నుండి కొత్తగా వచ్చినవానిని మొదటి వారములోనే పలకరించి వెంటబెట్టుకొని వచ్చేవారు. వాడు చెడిపోయిన తరువాత కాదు, ముందే. తరువాత ఉపన్యాసములు, చదువుకునే గదులు, గ్రంథాలయము వచ్చాయి. దుకాణాలు త్వరగా మూయాలని జరుగుతున్న ఉద్యమానికి కూడా జార్జి చేయి కలిపాడు. పద్నాలుగు గంటలు నిలబడిన మనిషికి బైబిలు చదువుకొమ్మని చెప్పి ఊరుకుంటే చాలదని ఆయన అనుభవముతో ఎరిగినవాడు.

ఇక్కడ పెద్దలమైన మనము ముఖ్యముగా చూడవలసినవాడు జార్జి కాదు, ఆయన యజమాని జార్జి హిచ్‌కాక్. మొదట ఆయనకు ఈ సంగతులపై ఆసక్తి లేదు. తన దుకాణములో కుర్రవాళ్ళ నడత మారడము కళ్ళారా చూచి తానే మారాడు. మారిన తరువాత ఏమి చేశాడు? పని నాకు అప్పగించండి, నేను అధ్యక్షుడనై నడిపిస్తాను అనలేదు. డబ్బు ఇచ్చాడు, పలుకుబడి ఇచ్చాడు, కోశాధికారిగా లెక్కలు చూచుకున్నాడు. పని మాత్రము కుర్రవాళ్ళ చేతులలోనే ఉంచాడు. యౌవనస్థులు కోరేది మన ఉపదేశము కంటె ముందు మన నమ్మకము అని ఆ వ్యాపారి గ్రహించాడు.

1851 నాటికి బ్రిటన్‌లో 24 సమాజములు, సుమారు 2,700 మంది సభ్యులు అయ్యారు. ఆ సంవత్సరము లండనులో ప్రపంచ మహా ప్రదర్శన జరిగింది. దేశదేశాల నుండి జనము వచ్చి ఈ పనిని చూచి వెళ్ళారు. అప్పుడు జరిగిన ఒక సంగతి ఇటువంటి చిన్న పత్రికలు చదివేవారికి, వ్రాసేవారికి కూడా ధైర్యమిస్తుంది. న్యూయార్కులో చదువుకునే ఒక విద్యార్థి లండను వచ్చి, వై.ఎం.సి.ఎ. గదులు చూచి, ఆ వైనము ఉత్తరముగా వ్రాసి బోస్టనులోని ఒక బాప్తిస్టు వారపత్రికకు పంపాడు. ఆ పత్రిక దానిని 1851 అక్టోబరులో అచ్చువేసింది. ఓడలలో పనిచేసి విరమించుకొని, నావికుల మధ్య సువార్త చెబుతూ ఉన్న థామస్ సలివన్ అనే కెప్టెను అది చదివాడు. ఓడ దిగిన నావికుడు రాత్రి ఏ సందులోకి పోతాడో ఆయనకు బాగా తెలుసు. ఆ డిసెంబరు 29న బోస్టనులో అమెరికా దేశపు మొదటి వై.ఎం.సి.ఎ. వెలసింది. ఒక విద్యార్థి కళ్ళు తెరిచి చూచాడు, ఒక బాప్తిస్టు పత్రిక అచ్చువేసింది, ఒక ముసలి నావికుడు లేచి నిలబడ్డాడు.

1855లో పారిస్ నగరములో మొదటి ప్రపంచ మహాసభ జరిగింది. 99 మంది ప్రతినిధులు వచ్చారు. ఆ సభకు పాటుబడిన వారిలో జెనీవా వై.ఎం.సి.ఎ. యువకుడు హెన్రీ డూనాంట్ ఒకడు. యుద్ధభూమిలో గాయపడినవారికి సేవచేసే రెడ్‌క్రాస్ సంస్థ పుట్టుకకు తరువాత కారకుడైనది ఈయనే. మన దేశములో కలకత్తాలో 1857లో వై.ఎం.సి.ఎ. ఏర్పడింది. మద్రాసులో 1890లో ఏర్పడింది, మరుసటి ఏడు అక్కడే జాతీయ సంఘము స్థాపించారు. ఈ పని కళాశాలలలోకి ప్రవేశించి ఎందరో విద్యార్థులను సేవకు లేపింది. వారిలో వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారిని మన తెలుగువారు ఎన్నటికీ మరువరు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, 1895 నుండి వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణ దేశమంతా తిరిగి, 1909లో దోర్నకల్ వచ్చి, 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడైన తమిళ సోదరుడాయన. తెలుగు పల్లెలలో బీదల మధ్య తన ఆయువును ధారపోశాడు. లండను పడక గదిలో వెలిగిన దీపపు వెలుగు ఈ విధముగా మన తెలుగు నేల దాకా వచ్చింది.

జార్జి విలియమ్స్ 1853లో తన యజమాని కుమార్తె హెలెన్‌ను వివాహము చేసుకున్నాడు. దుకాణములో భాగస్వామి అయ్యాడు. మామగారి తరువాత ఆ వ్యాపారమంతటికి తానే పెద్ద అయ్యాడు. ఐశ్వర్యము వచ్చిన తరువాత మనుష్యులు తాము నడిచి వచ్చిన దారి మరచిపోవడము లోకములో చూస్తూ ఉంటాము. ఆయన మరువలేదు. లండనులో ఎక్సెటర్ హాలు అనే పెద్ద సభా భవనము చేయి మారిపోబోతున్నప్పుడు, యౌవనస్థులకు ఆ స్థలము దక్కాలని తాను ధారాళముగా ఇచ్చి, స్నేహితుల చేత ఇప్పించాడు. 1881లో అది వై.ఎం.సి.ఎ. భవనముగా తెరువబడింది. పేదల పక్షాన పార్లమెంటులో పోరాడిన షాఫ్ట్స్‌బరీ ప్రభువు 1885లో మరణించిన తరువాత అధ్యక్ష పదవి జార్జికి వచ్చింది. 1894లో స్వర్ణోత్సవము జరిగినప్పుడు విక్టోరియా రాణి ఆయనకు సర్ బిరుదమిచ్చింది. 1905 నవంబరు 6న, 84 ఏళ్ళ వయస్సులో, టార్కీ పట్టణములో ప్రభువునందు నిద్రించాడు. ఆయన దేహమును సెయింట్ పాల్ మహా దేవాలయపు నేలమాళిగలో, ఆ దేశపు వీరుల సరసన సమాధి చేశారు. ఇరవై ఏళ్ళ కుర్రవాడుగా కొలువుకు వచ్చిన దుకాణానికి అది కూతవేటు దూరము.

మహనీయుల జీవితములు వ్రాసేటప్పుడు లోపములు దాచడము మంచిది కాదు. ఆ సమాజము మొదలైనప్పుడు దానిలో స్త్రీలకు స్థానము లేదు. పల్లె నుండి పట్నము వచ్చిన పనిమనిషి, కుట్టుపని చేసే అమ్మాయి, ఆసుపత్రి నర్సు, వీరికి రాత్రి భయము మగపిల్లలకంటె ఎక్కువే గాని తక్కువ కాదు. ఆ లోటును స్త్రీలే పూరించారు. 1855లో ఎమ్మా రాబర్ట్స్ అనే ఆమె ప్రార్థన కూటము ప్రారంభించింది. అదే సంవత్సరము మేరీ జేన్ కినెయిర్డ్ అనే ఆమె లండనులో నర్సుల కొరకు వసతి గృహము తెరిచింది. 1877లో ఆ రెండు పనులు ఒకటై వై.డబ్ల్యూ.సి.ఎ. అయినది. మన గేటు దగ్గర ఆగిపోయిన ఐదుగురు నర్సింగు అమ్మాయిలను తలచుకున్నప్పుడు ఈ సంగతి నాకు గుచ్చుకున్నది. సుమారు 170 ఏళ్ళ క్రిందట ఒక స్త్రీకి తట్టిన అక్కర, ఆ రాత్రి మన కమిటీలో ఎవరికీ తట్టలేదు.

రోజులు మారినా రాత్రులు మారలేదు. 2003లో లండనులోని బ్రిక్స్‌టన్ ప్రాంతములో కొన్ని సంఘములవారు కలిసి వీధి కాపరులు అనే సేవ మొదలుపెట్టారు. శుక్ర, శనివారముల రాత్రులు తరిఫీదు పొందిన విశ్వాసులు చిన్న చిన్న జట్లుగా వీధులలో నడుస్తారు. త్రాగి పడిపోయినవానికి నీళ్ళు ఇస్తారు. ఎత్తు మడమల చెప్పులు చేత పట్టుకొని గాజు పెంకుల మీద వట్టి కాళ్ళతో నడిచే అమ్మాయికి రబ్బరు చెప్పులు ఇస్తారు. ఒంటరిగా ఉన్నవారిని కారెక్కించి పంపిస్తారు. ఎందుకు త్రాగావని అడగరు. విశ్వవిద్యాలయాలున్న పట్టణాలలో విద్యార్థులే తోటి విద్యార్థుల కొరకు ఇటువంటి పనికి పూనుకొంటున్నారు. మంచి సమరయుడు గాయపడిన మనిషిని, ఆ దారిన ఆ వేళ ఎందుకు వెళ్ళావని అడిగినట్లు మన ప్రభువు చెప్పలేదు గదా.

మన బెంగళూరు మాటకు వద్దాము. 2016 డిసెంబరు 31 రాత్రి ఎం.జి. రోడ్డు, బ్రిగేడ్ రోడ్డు జనసమ్మర్దములో ఆడపిల్లలు వేధింపులకు గురియైనారన్న వార్త దేశమంతటా వినబడింది. ఆ రాత్రి మన సంఘములన్నిటిలోను ఆరాధనలు జరిగే ఉంటాయి. ఒంగోలు నుండి, గుంటూరు నుండి, నెల్లూరు నుండి మెజెస్టిక్‌లో దిగే పిల్లలు అందరూ విందులకు తిరిగేవారు కారు. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చేవారున్నారు, ఆఖరి బస్సు తప్పినవారున్నారు, ఆసుపత్రి డ్యూటీ దిగేవారున్నారు. మన ఆరాధనకే వచ్చి ఆలస్యమైనవారు కూడా ఉన్నారు. ఇక విందుకే వెళ్ళిన పిల్ల ఉన్నదనుకుందాము. ఆ పిల్ల మన పిల్ల కాకుండా పోతుందా?

జవాబుదారి ఎవరన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. అందుకే ఆ కుర్రవాళ్ళతో మరల కూర్చుండి మాట్లాడాను. వారు మనకంటె ముందే ఆలోచించుకున్నారు. ఒక్కరే ఎవరూ వెళ్ళరాదు. జట్టులో అమ్మాయి కూడా ఉండాలి, ఆమెతో పాటు పెళ్ళయిన అక్క ఒకరు హాలులో ఉండాలి. పోట్లాటలో జోక్యము చేసుకోరాదు. వెంటనే 112కు ఫోను చేసి పోలీసులను పిలవాలి. ఎవరు ఎప్పుడు ఎక్కడికి వెళ్ళారో పుస్తకములో వ్రాయాలి. ప్రమాదములో గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చితే కేసులలో ఇరుక్కుంటామన్న భయము మనలో పాతది. ఆ భయము తీర్చుటకు 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలను ఆమోదించింది. 2019లో మోటారు వాహనాల చట్టములో చేసిన సవరణ ప్రకారము, మంచి మనస్సుతో సహాయము చేసినవానిని బాధ్యుణ్ణి చేయరాదు, పేరు చెప్పమని బలవంతపెట్టరాదు. చట్టానికే సమరయుని పేరు పెట్టుకుంటే, సమరయుని కథ ప్రతి ఏడూ ఆదివారపు బడిలో నేర్పే మనము వెనుకబడితే ఎట్లా?

అపొస్తలుల కార్యములలో ఐతుకు అను యౌవనస్థుని సంగతి మీరెరుగుదురు. త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తున్నాడు. మేడగదిలో దీపాలు చాలా ఉన్నాయి, జనము నిండుగా ఉన్నది. ఈ పిల్లవాడు మాత్రము కిటికీలో కూర్చుండి, నిద్ర ముంచుకొని వచ్చి, మూడవ అంతస్తు నుండి క్రింద పడ్డాడు. చిన్నప్పటి నుండి ఈ కథను ప్రసంగములో నిద్రపోరాదనే హెచ్చరికగానే విన్నాను, నేనూ అట్లాగే నేర్పాను. ఇప్పుడు చదివితే నా కన్ను మరొక చోట నిలుస్తున్నది. పౌలు ప్రసంగము ఆపి క్రిందికి దిగి వెళ్ళాడు. పిల్లవానిని కౌగిలించుకున్నాడు. నిద్రపోయినందుకు మందలించినట్లు ఎక్కడా లేదు. మన పిల్లలు చాలామంది ఈనాడు ఆ కిటికీలోనే కూర్చుని ఉన్నారు. సగము సంఘములో, సగము బయటి చీకటిలో. క్రిందికి దిగవలసినది మనమే.

మన తెలుగు బాప్తిస్టులకు క్రొత్త సంవత్సరపు ఉదయము పరిశుద్ధమైన జ్ఞాపకము. 1854 జనవరి 1న తెల్లవారుజామున జూయెట్ దొరగారు, దొరసాని, మన తెలుగు విశ్వాసులతో కలిసి ఐదుగురు ఒంగోలు కొండ ఎక్కి, క్రింద చీకటిలో ఉన్న ఊళ్ళ కొరకు ప్రార్థించారు. ఆ ప్రార్థన కొండ బిడ్డలము మనము. వారు ప్రార్థించి కొండ మీదనే ఉండిపోలేదు, దిగి ఊళ్ళలోకి వెళ్ళారు.

వచ్చే డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిసిన తరువాత మన సంఘపు హాలు తెల్లవారేదాకా తెరిచి ఉంచాలని కమిటీ తీర్మానించింది. ఆ కుర్రవాళ్ళే నడిపిస్తారు. టీ కాచే బాధ్యత నేను తీసుకున్నాను. హిచ్‌కాక్ గారి వలె లెక్కలు చూచే బాధ్యత మరొక పెద్ద తీసుకున్నారు. అసోసియేషనులోని మిగిలిన సంఘములవారు కూడా తమ తమ పేటలలో ఈ విషయము ప్రార్థనాపూర్వకముగా ఆలోచించవలెనని, కనీసము ఆ ఒక్క రాత్రి చివరి పిల్ల క్షేమముగా ఇల్లు చేరిన తరువాతనే గేటుకు తాళము వేయవలెనని వినయముతో మనవి చేస్తున్నాను.

పట్నానికి వచ్చిన మన బిడ్డలను ప్రభువు కాపాడును గాక. వారిని కాపాడుటకు మనలను కూడా వాడుకొనును గాక. ఆమేన్.

ప్రభువు సేవలో,
ఒక సంఘ పెద్ద, బెంగళూరు